మూడో బోరు దగ్గర వెలిగిన స్టవ్వు

దయ్యాల మాట నేను ఎప్పుడూ నమ్మింది లేదు. ఫలానా చోట ఏదో తిరుగుతోందని ఎవరైనా చెప్తే నేను అడిగేది ఒకటే, నువ్వు నీ కళ్ళతో చూశావా అని. ఇన్నేళ్ళలో చూశానన్న మనిషి ఒక్కరూ దొరకలేదు. అందరివీ పక్కింటి మేనత్త చూసిన దయ్యాలే. అలాంటి నేను ఇప్పుడు నా కళ్ళతో చూసింది, నా చేత్తో ముట్టుకున్నది చెప్పాల్సి వస్తే నాకే సిగ్గుగా ఉంది. దయ్యం కథ అనుకోకండి. ఇది ఒక స్టవ్వు సంగతి.

నేను మూడో తరగతితో బడి మానేశాను. ఇందులో కొంత నేను రాశాను, కొంత చెప్తుంటే మా అమ్మాయి సుజాత రాసింది. చదువు లేకపోయినా జ్ఞాపకం మాత్రం గట్టిది. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, ఏ పూట కూరలో ఉప్పు ఎక్కువైందో నలభై ఏళ్ళ తర్వాత అడిగినా చెప్తాను. మరచిపోవడం నాకు అలవాటు లేని పని. ఈ సంగతి నన్ను ఇంతగా తొలిచేది అందుకే.

మా నాయన పుంగనూరులో స్టవ్వులు రిపేరు చేసేవాడు. సంత రోజు గోనెపట్టా పరుచుకుని కూర్చుంటే చుట్టూ ఇత్తడి స్టవ్వులు వరసగా నిలబడేవి. అప్పట్లో గ్యాసు ఎవరింట్లో ఉండేది? పంపుతో గాలి కొడితే బుస్సుమని మండే కిరసనాయిలు స్టవ్వులే అందరికీ.

నాకు ఏడెనిమిదేళ్ళు. నా పని చింతగింజలు పెట్టడం. నాయన స్టవ్వు విప్పి ఒక్కో భాగం తెల్లగుడ్డ మీద పెడితే, దాని పక్కన నేనొక చింతగింజ పెట్టాలి. తిరిగి బిగించేటప్పుడు ఒక్కో భాగానికి ఒక్కో గింజ తీసెయ్యాలి. చివరికి గుడ్డ మీద గింజ మిగిలిందంటే ఏదో మరిచినట్టు. లెక్కలు రాని ఇంట్లో అదే లెక్క.

పంపు అడుగున ఉండే వాల్వుకి మాత్రం మూడు ముక్కలున్నా ఒకటే గింజ. చిన్న ఇత్తడి గొట్టం, దాని లోపల సన్నటి స్ప్రింగు, స్ప్రింగు కొసన కందిబేడంత కార్కు. మూడూ ఎప్పుడూ కలిసే ఉంటాయి కాబట్టి ఒకటే గింజ. మనం కొట్టిన గాలి తిరిగి బయటికి రాకుండా ఆపేది ఆ కార్కే. అది లేకపోతే గాలి వెనక్కి తన్నుకొస్తుంది, చేత్తో పట్టుకుని కొట్టే పంపు కాడ పైకి ఎగురుతుంది, దాని వెంటే కిరసనాయిలు చిమ్ముతుంది. కార్కు లేని స్టవ్వు మండదు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి.

పెళ్ళయ్యి నేను కుప్పం పక్కన గుడుపల్లె మండలంలోని మా అత్తగారి ఊరికి వచ్చాను. మా ఆయన బోరు బండిలో వంటమనిషి. బండి ఎక్కడికి పోతే అక్కడికి పోవాలి, ఎవరి చేను గట్టునో పొయ్యి పెట్టాలి. పెళ్ళయిన కొత్తలో ఆయన బెంగుళూరులో పాత సామాన్ల అంగట్లో ఒక స్టవ్వు కొనుక్కొచ్చాడు. అలాంటిది మా నాయన దగ్గర కూడా నేను చూడలేదు. కొండలెక్కేవాళ్ళు, మిలట్రీవాళ్ళు వెంట తీసుకుపోయే రకమట. కాళ్ళు మూడూ ఊడొస్తాయి, బర్నరు ఊడొస్తుంది, అంతా సర్దితే టిఫిన్ క్యారియరంత రేకు డబ్బాలో పడుతుంది. ఆయన దాన్ని చంటిబిడ్డలా చూసుకునేవాడు. నాకన్నా దాన్నే ఎక్కువ తుడిచేవాడని మా అత్త ఎగతాళి చేసేది.

ఆ స్టవ్వుతో ఆయనకొక పద్ధతి ఉండేది. బోరు బండి మొదటి రాడ్డు భూమిలోకి దిగేటప్పుడు ఆయన ఆ స్టవ్వు వెలిగించి చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టేవాడు. నీళ్ళు పడేదాకా దాన్ని ఆర్పేది లేదు. గిన్నెలో నీళ్ళు తగ్గితే పోస్తాడు, మంట తగ్గితే గాలి కొడతాడు. నీళ్ళు పడితే ఆ కొత్త నీళ్ళతోనే టీ పెట్టి రైతుకి ఇస్తాడు. పడకపోతే, రైతు ఇక చాలన్నాక, స్టవ్వు మీది గాలి స్క్రూ తిప్పుతాడు. స్స్ అని గాలి పోతుంది. ఆ చప్పుడు వినగానే బండివాళ్ళు రాడ్లు పైకి ఎత్తడం మొదలుపెట్టేవాళ్ళు. మధ్యలో దానంతట అదే ఆరిపోయినా అంతే, ఇక లాభం లేదని ఆపేసేవాళ్ళు. ఆ స్స్ విని ఏడ్చిన రైతులున్నారని ఆయన నాతో చెప్పేవాడు. ఇదంతా శాస్త్రం కాదు, ఆయన పెట్టుకున్న అలవాటు. కానీ బండివాళ్ళు గట్టిగా పట్టుకున్నారు.

నాలుగేళ్ళ కింద ఆయన పోయాడు. ఆయన కోరిక ప్రకారం మా చేను మూలనే సమాధి చేశాం. నేను మదనపల్లెకు, మా సుజాత దగ్గరికి వచ్చేశాను. స్టవ్వు కూడా డబ్బాతో సహా వచ్చి అటక ఎక్కింది.

ఈ ఏడు ఎండాకాలం మొదట్లో మా మరిది చలపతి ఫోన్ చేశాడు. చేను చూసుకునేది అతనూ, మా తోడికోడలు మంజులానే. రెండు ఆవులు, ఎకరన్నర మల్బరీ, పట్టుపురుగుల షెడ్డు. ఉన్న బోరు ఎండిపోయింది. రెండు కొత్తవి వేస్తే రెండింట్లోనూ దుమ్మే. ఇక మూడోది వేయించి చూస్తానని, అదీ పోతే చేను అమ్మేసి బెంగుళూరులో సెక్యూరిటీ పనికి పోతానని చెప్పాడు. కొనేవాడు ప్లాట్లు వేస్తాడట. సమాధి ఉన్న మూల వదిలెయ్యమంటే కుదరదన్నాడట.

ఫోన్ పెట్టేసి అన్నం తినలేదు నేను. కుర్చీ వేసుకుని అటక మీంచి ఆ రేకు డబ్బా దించాను. మా చేలో బోరు వేస్తూ ఆ స్టవ్వు వెలిగించకపోతే ఎలా? నా ఆలోచన అంతవరకే. ఏదో మహిమ జరుగుతుందని కాదు.

మూత తీసి చూశాను. ఇత్తడి పచ్చగా చిలుమెక్కింది. కాళ్ళు తుప్పు. బర్నరు మసితో మూసుకుపోయింది. ట్యాంకు మూత తిరగలేదు. ఊపితే లోపల ఎండిపోయిన కిరసనాయిలు పెచ్చులు గలగలమన్నాయి.

సుజాత చూసి, "యాలమ్మా ఈ తుక్కుతో నీకు తిప్పలు, ఆన్‌లైన్లో కొత్తది తెప్పిస్తా" అంది. కొత్తది ఎవరిక్కావాలి? మూడు రాత్రులు మూత చుట్టూ ఆముదం పోసి ఉంచాను. నాలుగో రోజు వేడి నీళ్ళలో గుడ్డ ముంచి చుట్టి తిప్పితే కిర్రుమని కదిలింది. ఆ కిర్రు విని నేను వంటింట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. అరవై నాలుగేళ్ళ మనిషిని!

ఆ తర్వాత నన్ను ఆపేవాళ్ళు లేరు. ట్యాంకులో గుప్పెడు సన్న గులకరాళ్ళు, వేడి నీళ్ళు, చాకలి సోడా వేసి మజ్జిగ చిలికినట్టు ఊపాను. కాఫీ రంగు నీళ్ళు దిగాయి. మళ్ళీ ఊపాను. తొమ్మిదోసారికి తేట నీళ్ళు వచ్చాయి. చింతపండు, ఉప్పు, బూడిద పెట్టి తోమితే ఇత్తడి కింద నుంచి ఆయన రోజూ తుడిచిన ఆ మెరుపే బయటపడింది. కాళ్ళకి ఉప్పుకాగితం రుద్దాను. ఒక కాలు కొంచెం వంకర. అది ఆయన బండి మీంచి జారవిడిచిన రోజు నాకు గుర్తుంది కాబట్టి దాన్ని సరిచేయలేదు.

పంపు తోలు ఎండి చిప్పలా అయింది. వాల్వు విప్పాలంటే పొడుగాటి తాళంచెవి లాంటి పనిముట్టు కావాలి. నాయన పనిముట్లన్నీ పుంగనూరులో మా తమ్ముడు శంకరప్ప దగ్గరున్నాయి. వాడు కుట్టుమిషన్ల మెకానిక్కు. పొద్దున్నే బస్సెక్కి పోయాను. వాడు స్టవ్వు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, నాయనలాగే ముందు గోనెపట్టా పరిచాడు. తర్వాత పాత బెల్టు తోలు గుండ్రంగా కత్తిరించి, ఆముదంలో నానబెట్టి, కొత్త వాషరు చేసిచ్చాడు. వాల్వు తీసే పనిముట్టు కూడా ఇచ్చాడు.

కిరసనాయిలే దొరకలేదు. రేషన్లో ఆపేసి ఎన్నో ఏళ్ళయింది. వాడు మిషన్లు తుడవడానికి దాచుకున్న సీసాలోంచి పోశాడు. పాత రేషన్ది, నీలం రంగుది. "అక్కా, ఇది అయిపోతే మన జిల్లాలో ఇంగ దొరకదు. సూసి వాడుకో" అన్నాడు.

వాడి అంగడి ముందరే వెలిగించి చూశాం. స్పిరిట్టు పోసి బర్నరు వేడిచేసి, పంపు కొట్టాను. మొదట పసుపు మంట ఎగిరింది. బర్నరు కన్నంలో పిన్నుతో పొడిచాను. మళ్ళీ కొట్టాను. బుస్సుమంది. నీలం మంట, గుండ్రంగా, తామరపువ్వులా. రోడ్డు మీద పోయేవాళ్ళు నిలబడి చూశారు. ఒక ముసలాయన దగ్గరికొచ్చి ఈ చప్పుడు విని ఎన్నాళ్ళయిందమ్మా అన్నాడు. నాకు ఆ రోజంతా కాళ్ళు నేలమీద నిలవలేదు.

ఇక నేను చేసిన తప్పు దగ్గరికి వస్తాను.

బోరు వేసే ముందు రోజు సాయంకాలం మదనపల్లెలో ఇంట్లో ఉత్త గాలి కొట్టి చూశాను. కిరసనాయిలు పొదుపు కాబట్టి పోయలేదు. పంపు కాడ మెల్లగా అరంగుళం పైకి లేస్తోంది. కార్కు అరిగిందని తెలిసింది. గుడ్డ పరిచి స్టవ్వంతా విప్పి, వాల్వులోంచి స్ప్రింగూ కార్కూ బయటికి లాగాను. మందు సీసా రబ్బరు మూతలోంచి కొత్త ముక్క కోశాను. స్ప్రింగుకి దాన్ని తగిలించి, పోగొట్టుకుంటానేమో అని కాగితంలో చుట్టి, చేతికందిన మెంతుల డబ్బాలో వేశాను. ఖాళీ ఇత్తడి గొట్టం గుడ్డ మీద పెట్టాను. పక్కన ఒక చింతగింజ. అన్నీ పొద్దున బిగిద్దామని పడుకున్నాను.

తెల్లవారి ఐదింటికి ఆటో వచ్చి హారన్ కొడుతోంది. సుజాత తొందరపెడుతోంది. నేను గబగబా ఒక్కో భాగం బిగిస్తూ గింజలు తీస్తూ పోయాను. గొట్టం బిగించాను, దాని గింజ తీశాను. గుడ్డ మీద ఒక్క గింజ మిగల్లేదు. అంతా సరిపోయిందని డబ్బా మూసి బయల్దేరాను.

బస్సులో ఒక నవ్వులాట జరిగింది. కిరసనాయిలు సీసా చీరల మధ్య పెట్టుకున్నాను. అలా తీసుకుపోకూడదని తెలుసు. పలమనేరు దాటాక కండక్టరు ముక్కు ఎగబీల్చి, "ఎవురప్పా బస్సులో కిరసనాయిలు పెట్టింది?" అని ఒక్కో సీటూ వాసన చూస్తూ వచ్చాడు. నేను కిటికీలోంచి చింతతోపులు చూస్తూ కూర్చున్నాను. నా వెనక సీటాయన, పాపం, ఆయన సంచి విప్పి చూపించాల్సి వచ్చింది.

చేను చేరేసరికి పది. బోరు బండి నిలబడి ఉంది. డ్రిల్లరు సెల్వం అని, అరవంవైపు మనిషి. కుర్రవాడిగా ఉన్నప్పుడు మా ఆయన చేతి అన్నం తిన్నవాడు. నేను డబ్బా తెరిచి కాళ్ళు బిగిస్తుంటే వచ్చి చూశాడు. వంకర కాలు గుర్తుపట్టాడు. చేతులు లుంగీకి తుడుచుకుని స్టవ్వుని తాకి కళ్ళకద్దుకున్నాడు.

బండికి పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ తొక్కించి, టెంకాయ కొట్టారు. బండి టైరు నీడన, గాలి తగలకుండా మూడు రాళ్ళు అడ్డం పెట్టి, నేను స్టవ్వు వెలిగించాను. పదమూడు సార్లు పంపు కొట్టాను. లెక్కపెట్టుకున్నాను, ఎందుకంటే ఆయన పదమూడే కొట్టేవాడు. పంపు గట్టిగా ఆడింది. కాడ కిందే ఉంది. నీలం మంట వచ్చింది. సన్నగా పెట్టి గిన్నె ఎక్కించాను. సెల్వం మొదటి రాడ్డు దించాడు.

బోరు బండి చప్పుడు తెలియనివాళ్ళకి చెప్తే అర్థం కాదు. పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. స్టవ్వు బుస వినే ప్రశ్నే లేదు. మంటని కంటితో చూసుకోవడమే. రెండొందల అడుగులకి ఎర్ర దుమ్ము. మూడొందలకి తెల్ల దుమ్ము. మా తలలు, ఆవులు, మల్బరీ ఆకు, అన్నీ పిండి చల్లినట్టయ్యాయి. ఐదొందల దగ్గర కాస్త తడి కనిపిస్తే మంజుల నా చేయి పట్టుకుంది. మరుసటి రాడ్డుకే మళ్ళీ పొడి. ఆమె చేయి వదిలేసి బండివాళ్ళకి అన్నాలు వండటానికి ఇంటి దగ్గరికి పోయింది.

నేను మధ్యలో రెండుసార్లు లేచాను. ఒకసారి అన్నం ఎత్తుకురావడానికి, ఒకసారి సమాధి దగ్గర దీపం పెట్టి రావడానికి. వచ్చి చూస్తే మంట అలాగే ఉంది. మంజులో, ఎవరో గాలి కొట్టి ఉంటారనుకున్నాను. నా మనసంతా ఆ బోరు రంధ్రం మీదే.

ఎనిమిదొందల అడుగులు అని ముందే మాట. అక్కడికి వచ్చేసరికి మూడున్నర దాటింది. దుమ్ము, దుమ్ము, ఉత్త దుమ్ము. చలపతి చెయ్యెత్తి ఆపమన్నాడు. ఇంజను చప్పుడు తగ్గింది. అతను కండువాతో మొహం తుడుచుకుని, నా వైపు చూడకుండా, "వదినా, ఆర్పెయ్" అన్నాడు.

నేను వంగి గాలి స్క్రూ మీద వేళ్ళు పెట్టాను. అది బిగుసుకుపోలేదు. ఉన్నదున్నట్టు చెప్పాలి, నాకే చెయ్యి ఆడలేదు. ఆ స్స్ అనే చప్పుడు మా చేలో, ఆయన సమాధికి యాభై అడుగుల దూరంలో, నా చేత్తో రావాలా? అంతకుముందు ఎందరి చేలలోనో ఆయనకి ఎలా ఉండేదో ఆ నిమిషం నాకు తెలిసింది.

సెల్వం బండి మీంచి దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మంట చూశాడు. గిన్నెలో నీళ్ళు సలసలా కాగుతున్నాయి.

"అన్న పొయ్యి ఇంకా మండతానే ఉండాది వదినమ్మా. నేను రాడ్లు ఎట్ల ఎత్తేది?" అన్నాడు.

చలపతికి కోపం వచ్చింది. "పొయ్యి మండితే నీళ్ళు వస్తాయా అప్పా? ఇంగా ఎంత లోతుకు పోయేది? నా బతుకు దుమ్మయిపోతాండాది ఈడ" అన్నాడు.

"రెండు రాడ్లు. ఆ రెండూ నాకొదిలెయ్. నువ్వు ఆ పక్కకి తిరిగి నిలబడు" అన్నాడు సెల్వం.

చలపతి నిజంగానే అటు తిరిగి నిలబడ్డాడు. నేను స్క్రూ మీంచి వేళ్ళు తీసేశాను.

మొదటి రాడ్డు దుమ్ములోనే దిగిపోయింది. రెండోది సగం దిగాక దుమ్ము రంగు మారింది. తెలుపు పోయి బూడిద రంగు. తర్వాత ముద్దలు ముద్దలుగా బురద. సెల్వం చెయ్యి పైకెత్తి ఏదో అరిచాడు, వినపడలేదు. ఆ తర్వాత నేల లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టయింది. ఒక్కసారిగా నీళ్ళు! బండి మీద నిలువుగా లేచిన కొమ్ము దాకా ఎగిరాయి. పొడి చేను మీద కుండపోత. ఆవు ఒకటి కట్టు తెంచుకుని పరిగెత్తింది. మంజుల చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చిన్నపిల్లలా గెంతింది. చలపతి అటు తిరిగినవాడు ఇటు తిరగకుండానే వీపంతా తడిసి, అక్కడే కూలబడి ఏడ్చాడు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు. మొహమంతా బురద.

ఇంజను ఆపాక గిన్నెలో పాత నీళ్ళు బోరు మూతి దగ్గర పారబోసి, కొత్త నీళ్ళు పట్టి టీ పెట్టాను. తుంపర్లు పడినా మంట చెదరలేదు. మొదటి గ్లాసు చలపతికి. రెండోది సమాధి మీద. మూడోది సెల్వంకి. అందరికీ అయ్యాక స్టవ్వు ఆర్పడానికి స్క్రూ తిప్పాను. మంట ఆరింది.

స్స్ అనలేదు.

చప్పుడే లేదు. బండి ఆగి ఉంది, చేనంతా నిశ్శబ్దం, చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. నేను ఇంకొంచెం తిప్పాను. ట్యాంకులో చిటికెడు గాలి కూడా లేనట్టు ఊరికే తిరిగింది. విచిత్రంగా ఉందే అనుకున్నాను. ఇంతలో మంజుల వచ్చి నన్ను కౌగిలించుకుంది. ఆ మాట అక్కడే మరిచాను.

రెండు రోజులుండి మదనపల్లె వచ్చాను. ఆ మధ్యాహ్నం మజ్జిగపులుసులో తాలింపుకని మెంతుల డబ్బా తెరిచాను. లోపల కాగితం పొట్లం. విప్పితే స్ప్రింగూ, దాని కొసన నేను కోసిన రబ్బరు ముక్కా.

తాలింపు మాడిపోయింది. సుజాత పరిగెత్తుకొచ్చింది. నేను స్టవ్వు డబ్బా తెచ్చి, తమ్ముడి పనిముట్టుతో సుజాత ఎదురుగానే వాల్వు విప్పాను. ఇత్తడి గొట్టం ఖాళీ. ఈ చివర కన్ను పెడితే ఆ చివర సుజాత చీర రంగు కనిపించింది.

అప్పటికీ నేను ఒప్పుకోలేదు. ఖాళీ గొట్టమే మళ్ళీ బిగించి, మిగిలిన కిరసనాయిలు కొంచెం పోసి, స్పిరిట్టుతో వేడిచేసి పంపు కొట్టాను. మొదటి దెబ్బకే కాడ ఎగిరి నా మోచేతికి తగిలింది. రెండో దెబ్బకి నూనె మొహాన చిమ్మింది. ఆరనిచ్చి మళ్ళీ చేశాను. మూడుసార్లు. వెలగలేదు.

తమ్ముడికి ఫోన్ చేస్తే నవ్వాడు. మరుసటి ఆదివారం వచ్చి తనే చేసి చూశాడు. కొత్త తోలు బిగుతుగా ఉండి గాలి ఆపిందేమో అని మొదట అన్నాడు. వాడి చొక్కా మీద కిరసనాయిలు పడ్డాక ఆ మాట మానేశాడు. "అక్కా, నువ్వు ఆ పొద్దు ఇది వెలిగించలేదు. వేరేది ఏదో వెలిగించినావు" అన్నాడు. అప్పుడు, ఏడుపు ఆగాక చలపతి లేచి ఫోన్లో తీసిన వీడియో చూపించాను. నీళ్ళు ఇంకా పైకి లేస్తూనే ఉన్నప్పుడు తీసింది. ఒక మూల బండి టైరు, మూడు రాళ్ళు, వాటి మధ్య మా వంకర కాలు స్టవ్వు. గిన్నె మీద ఆవిరి. కింద నీలం మంట. పంపు కాడ కిందికే ఉంది. పక్కన ఎవరూ లేరు. తమ్ముడు దాన్ని నాలుగుసార్లు చూసి, టీ కూడా తాగకుండా పుంగనూరు బస్సెక్కాడు.

నేను అందర్నీ అడిగాను. ఐదారు గంటలు సన్నమంట మీద మండటానికి నూనె చాలుతుంది, ఆ లెక్క సరిపోయింది. గాలి లెక్కే సరిపోలేదు. వాల్వు బాగున్నా సరే, మధ్యలో పది పన్నెండుసార్లన్నా గాలి కొట్టాలి. మంజుల నేనే కొట్టాననుకుంది. నేను మంజుల అనుకున్నాను. సెల్వం మా ఇద్దరిలో ఎవరో అనుకున్నాడు. చలపతి నీళ్ళు పడేదాకా అటువైపు చూడనే లేదు. కొట్టామన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

న్యాయంగా అయితే ఆ స్టవ్వు పొద్దున పది గంటలకే వెలగకూడదు. వెలగకపోతే, లేదా మధ్యలో ఆరిపోతే, సెల్వం ఎనిమిదొందల దగ్గర నోరు మెదిపేవాడు కాదు. రాడ్లు పైకి వచ్చేవి. ఈపాటికి ఆ చేలో సున్నం గీతలు గీసి ప్లాట్లు కొలుస్తుండేవాళ్ళు.

అది అన్నే అని చలపతి అంటాడు. మంజుల అయితే రోజూ సమాధి దగ్గర టీ పెడుతోంది. నేను మాత్రం అనను. నలభై ఏళ్ళు కాపురం చేశాను, ఆయన నోరు మూసుకుని పని చేసే మనిషి కాదు. వచ్చి ఉంటే, కార్కు మరిచినందుకు నన్ను ఒక మాటన్నా అనకుండా పోయేవాడు కాదు.

బోరు బాగా పోస్తోంది. మల్బరీ మళ్ళీ చిగిర్చింది. స్ప్రింగూ కార్కూ నేను బిగించేశాను, సుజాతను పక్కన కూర్చోబెట్టుకుని, ఈసారి వాల్వుకి మూడు గింజలు పెట్టి. ఇప్పుడది మామూలు స్టవ్వు. స్క్రూ తిప్పితే స్స్ అంటుంది. అరగంటకోసారి గాలి కొట్టకపోతే మంట వాలిపోతుంది, నేను లేచి కొడతాను.

ఆ రోజు ఎవరు కొట్టారో మాత్రం నాకు తెలియదు.